రాగి తీగకు ఇక సెలవివ్వాలి

2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మన ఇళ్లకు వచ్చింది ల్యాండ్‌లైన్ రాగి తీగ మీదే. సెకనుకు 256 కిలోబిట్లుంటే బ్రాడ్‌బ్యాండేనని 2004 విధానం నిర్ణయించిన రోజులవి. ఆ కనీస వేగం 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. అవసరాలు అంతకన్నా చాలా ముందుకు పోయాయి. అయినా ఉన్న తీగకే కొత్త పరికరాలు తగిలించి వేగం పెంచుకుందామనే వాదన వినబడుతూనే ఉంది. ప్రజాధనాన్ని ఆ పనికి వెచ్చించడం తప్పు.

ఆ తీగ వేసింది మాటలు మోయడానికి. డేటాకు కావలసిన అధిక ఫ్రీక్వెన్సీ సంకేతాలు రాగిలో దూరం పెరిగేకొద్దీ నీరసిస్తాయి. రాగి తీగ మీద డేటా పంపే ఏడీఎస్‌ఎల్2ప్లస్ సాంకేతికత ఎక్స్ఛేంజీ పక్కింటికి 24 మెగాబిట్ల దాకా ఇవ్వగలదు. నాలుగైదు కిలోమీటర్ల అవతల ఒకటి రెండు మిగలడమే గగనం. దాని తర్వాతి తరమైన వీడీఎస్‌ఎల్2తో వంద మెగాబిట్లు కావాలంటే తీగ పొడవు కొన్ని వందల మీటర్లు దాటకూడదు. వెక్టరింగ్ పక్క తీగల రొదను తగ్గిస్తుంది తప్ప దూరాన్ని తగ్గించలేదు. కాబట్టి వీధి చివరి పెట్టె దాకా ఫైబర్ ఎలాగూ వేయాల్సిందే. అంతదాకా వేసి, గుమ్మానికి కాస్త దూరంలో ఆగిపోయి, ఆ పెట్టెలోని పరికరాలకు కరెంటు ఖర్చు భరిస్తూ, వానాకాలం వస్తే తడిసిన జాయింట్ల కోసం వెతుక్కోవడం పొదుపెలా అవుతుంది?

ఈ పొదుపును ఆస్ట్రేలియా చేసి చూసింది. 90 శాతం ఇళ్లకూ ఫైబర్ ఇస్తామని 2009లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. 2013లో గెలిచిన కూటమి ఖర్చు పేరు చెప్పి లక్షల ఇళ్లకు చివరి దూరాన్ని పాత రాగికే వదిలేసింది. 2,950 కోట్ల డాలర్లతో తేలుతుందన్న పని 5,000 కోట్లు దాటింది. చివరికి 2020లో అదే కూటమి, ఆ ఇళ్లలో కోరినవారికి ఫైబర్ ఇవ్వడం సహా మెరుగుదలలకు మరో 450 కోట్లు ప్రకటించాల్సి వచ్చింది.

ఫైబర్ కోసం రోడ్లన్నీ తవ్వాలన్న భయం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. మొబైల్ ఉండగా ఇదంతా ఎందుకంటారా, 5జీ టవర్లకూ ఫైబరే ఆధారం. కరెంటు పోయినా పాత ల్యాండ్‌లైన్ మోగుతుందన్న అభ్యంతరంలో మాత్రం న్యాయముంది. తుపానుల తీరంలో అది ప్రాణాలకు సంబంధించిన మాట. అందుకే ఫైబర్ కనెక్షన్‌తో పాటు బ్యాటరీ ఇవ్వాలి. ఏ ఎక్స్ఛేంజీ పరిధిలో మార్పిడి ఎప్పటికి పూర్తవుతుందో బీఎస్‌ఎన్‌ఎల్ తేదీలతో ప్రకటించాలి. ఫైబర్ వెలిగేదాకా అక్కడి రాగి లైన్లు చెడితే బాగుచేస్తూనే ఉండాలి.