దెబ్బ తిన్నవాడి లెక్క మనం సరిగ్గా రాస్తున్నామా?

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఈమధ్య మన సంఘం గ్రూపులో ఒక మాట పదేపదే వినిపిస్తోంది. "యాక్సిడెంట్ ముందు బాగా ఆడేవాడు, ఇప్పుడు పాత ఫామ్ లేదు, ఇంకా సాయం దేనికి?" అని. క్రీడా సాయానికి పేర్లు ఎంచేటప్పుడు కిందటేడు పతకం వచ్చిందా లేదా అన్నదొక్కటే చూడాలని కొందరు పెద్దలు పట్టుబడుతున్నారు. మేం దీనికి ఒప్పుకోం. ఎందుకో చెబుతాం.

ప్రమాదానికి ముందు, తర్వాత అని లెక్కలు కట్టడం కార్ల రేసుల్లో బాగా అలవాటు. ఫెలిపే మాసానే చూడండి. 2009 జులై 25న హంగేరీలో ముందు కారులోంచి ఊడిన స్ప్రింగు వచ్చి హెల్మెట్‌కి కొట్టింది, తలకి పెద్ద దెబ్బ తగిలింది. అంతకుముందు ఫార్ములా వన్‌లో 11 గెలుపులు. తర్వాత సున్నా. కాగితం మీద అంతే కనిపిస్తుంది. కానీ సరిగ్గా ఏడాదికి, 2010 జులై 25న, జర్మనీ రేసులో అందరికంటే ముందు పోతున్నది మాసాయే. వెనకున్న అలోన్సో నీకంటే వేగంగా ఉన్నాడని ఫెరారీ టీము రేడియోలో చెప్పింది. మాసా దారిచ్చి రెండోవాడయ్యాడు. టీముకి లక్ష డాలర్ల జరిమానా పడింది. మరి ఆ సున్నాలో దెబ్బ వాటా ఎంత, పైవాళ్ల నిర్ణయం వాటా ఎంత?

రాబర్ట్ కుబికా 2011లో ర్యాలీ ప్రమాదంలో కుడిచెయ్యి పోగొట్టుకునేంత పని అయ్యింది. 2019లో ఫార్ములా వన్‌కి తిరిగొస్తే ఏడాదంతా కలిపి ఒక్క పాయింటే. అయిపోయాడన్నారు. 2025లో మరో ఇద్దరితో కలిసి లె మాన్ 24 గంటల రేసు గెలిచాడు. ప్రమాదమైన 14 ఏళ్లకి!

అదంతా పరదేశం సంగతి అంటారా? మన పుల్లెల గోపీచంద్ ఉన్నారు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. అప్పటికి జాతీయ సింగిల్స్ టైటిల్ ఒక్కటీ లేదు. 1996 నుంచి 2000 దాకా వరసగా అయిదు గెలిచారు. 2001లో చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. కిందటేడు పతకం ఏదీ అని 1995లో ఎవరైనా అడిగి పక్కన పెట్టుంటే ఇవేవీ ఉండేవి కావు. తర్వాత ఆయన చేతికింద తయారైన సింధు పతకాలూ ఉండేవి కావు.

ఇప్పుడు మన బరంపురం. ఇది బరువులెత్తే ఊరు, వ్యాయామశాలల ఊరు. గంజాం పల్లెల నుంచి కూడా పిల్లలు ఇక్కడికొచ్చి సాధన చేస్తారు. ఒకడికి భుజం జారుతుంది, ఇంకొకడు హైవే మీద బండి మీంచి పడతాడు. ఆపరేషన్‌కి ఇంట్లోవాళ్లు అప్పో సప్పో చేస్తారు. ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ ఉంటుంది చూడండి, అక్కడ చేతులెత్తేస్తారు. కండ సగమే కోలుకుంటుంది, భయం పోనే పోదు. అప్పుడు మనం చూసి "పాత ఫామ్ లేదు" అంటాం! ఫామ్ పోయింది దెబ్బ వల్లా, మధ్యలో అందరం వదిలేసినందువల్లా?

"అందరూ గోపీచంద్‌లు అవుతారా?" అని అడుగుతారని తెలుసు. అవరు. కొందరు ఎంత చేసినా తిరిగి రారు. మరి మనం శాలువాలు కప్పిన పతకాలవాళ్లందరూ అయ్యారా? గెలిచినవాడికి చప్పట్లు ఊరంతా కొడుతుంది. పడినవాడి దగ్గర నిలబడడానికే సంఘం కావాలి.

మేం అడుగుతున్నవి మూడే. గాయపడిన పిల్లల పేరు రెండేళ్లపాటు జాబితాలోంచి తీయకూడదు. శాలువాలకీ మెమెంటోలకీ పెట్టే డబ్బులో సగం ఫిజియోథెరపీకి ఇవ్వాలి. ఫామ్ ఉందో లేదో కోచ్, డాక్టర్ చెప్పాలి, గ్రూపులో మెసేజీలు కాదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాం. కాదనేవాళ్లు కూడా తప్పక రండి. ఆ పిల్లల్నీ పిలుద్దాం. వాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పండి, ఎందుకు కాదో.