పాముకీ చప్పుడు తెలుస్తుంది



బాల్ పైథాన్ అనే పాము పెంపకం గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. పాముకు చెవులుండవు కాబట్టి ఎంత గోలగా ఉండే అపార్ట్‌మెంట్‌లోనైనా హాయిగా బతుకుతుందన్న మాట నేను ఒప్పుకోలేను.

బయటికి చెవి కనిపించదు, నిజమే. కానీ లోపలి చెవి ఉంది. నేల అదురు దవడ ఎముకల గుండా దానికి చేరుతుంది. ఈ జాతి పాముల మీదే జరిపిన పరిశోధన ఒకటి 2012లో వెలువడింది. 80 నుంచి 160 హెర్ట్జ్ మధ్య కంపనాలను ఇవి బాగా పసిగడతాయని అందులో తేలింది. సబ్‌వూఫర్ మోతలో కొంత ఆ పరిధిలోదే.

నేనుండేది టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో, చెక్క చట్రం మీద కట్టిన అపార్ట్‌మెంట్‌లో. పైవాళ్ల వాషింగ్ మెషిన్ తిరిగితే మా గోడలు అదురుతాయి. అప్పుడు మా పాము నాలుక ఆడించడం ఆపేసి, మెడ వెనక్కి లాక్కుని బిగుసుకుపోయేది. ఎలుకను పెట్టినా ముట్టేది కాదు. పెట్టెను గోడకు దూరంగా జరిపి, కింద మందపాటి రబ్బరు చాప వేశాకే తిండి మొదలుపెట్టింది.

ఇల్లు చిన్నదైతే మాత్రం బెంగ లేదు. పశ్చిమాఫ్రికాలో ఇవి పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దూరి ఉంటాయి. ఒంటికి ఆనుకునేంత బిగువైన గూడు, పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీల వెచ్చదనం తప్పనిసరి.

వ్యాసంలో చట్టం ఊసే లేకపోవడం నన్ను మరీ బాధించింది. భారత్‌లో ఇలాంటి విదేశీ పామును పెంచేవారు 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మన అడవి కొండచిలువను పట్టి తెచ్చి పెంచడమైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దయచేసి వచ్చే సంచికలో ఈ సంగతి ప్రచురించండి.

– ఒక పాఠకురాలు, ఇర్వింగ్