రౌతు కొద్దీ గుర్రం

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని మన పెద్దలు చెప్పిన సామెత పాత కార్ల అంగడిలో కొనేవాడికి వర్తించనట్లే కనిపిస్తుంది. వేగానికి పేరుపడ్డ సెడాన్ల విషయంలో మరీను. కొత్తగా ఉన్నప్పుడు పాతిక లక్షలు పలికిన కారు పదేళ్ళు తిరిగేసరికి ఒక చిన్న కొత్త కారు ధరకు దిగివస్తుంది. అమ్మేవాడికి అది అడవే. కొనేవాడికి మాత్రం కొరివిలా కాక కొంగుబంగారంలా తోస్తుంది. ఈ తోచడంలో నిజమెంత? తొలిసారి కారు కొనే యువకుడికి ఇది నమ్మదగిన వాహనమేనా? ఈ నాలుగు మాటలూ అందుకోసమే.

తెలుగు పండితుడికి కార్ల గొడవ ఎందుకని చదువరులు అడగవచ్చు. నా సొంతానికి కారు లేదు, నిజమే. అయితే నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నాడు. అటు వెళ్ళినప్పుడల్లా అతని షెడ్డులో బల్లమీద కూర్చుని గంటల తరబడి వినడం నాకు అలవాటు. ఇక ప్రస్తుత సందర్భం మా తమ్ముడి కుమారుడిది. హైదరాబాదులో ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులతో బాధపడే తండ్రిని నెలకొకసారి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, పండుగకు ఊరు రావాలి, అందుకు కారు కావాలి. "పెదనాన్నా, ఆరున్నర లక్షలకు డబ్బా లాంటి కొత్త కారు కొనేకంటే అదే డబ్బుకు టర్బో ఇంజనున్న సెడాన్ వస్తోంది. నాన్నకు మీరే చెప్పాలి" అని ఫోను చేశాడు. తమ్ముడేమో "పాత కారనే మాటే ఎత్తవద్దు" అని పట్టుబట్టాడు.

ఇద్దరి మాటలోనూ సగం న్యాయమే ఉంది. పాతదంతా చెడ్డదనడం పెద్దల మూఢత్వం. బాగా చూసుకున్న ఆరేళ్ళ కారు, నిర్లక్ష్యానికి గురైన రెండేళ్ళ కారు కంటే మేలు. పెద్ద కారు చవకగా వస్తే లాభమేననడం యువకుల భ్రమ. ఆ భ్రమకు మూలమెక్కడో చెబుతాను.

సెడాన్ అనే మాట మోటారు యుగానికి ముందే ఉన్నది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో రెండు కర్రల మధ్య అమర్చిన మూత కుర్చీని, ముందొకరు వెనకొకరు మనుషులు మోసుకుపోయేదాన్ని, సెడాన్ కుర్చీ అనేవారు. మన పల్లకీకి దూరపు చుట్టం. పల్లకీ కొనడం ఒక ఖర్చు, బోయీలను పోషించడం మరొక ఖర్చు. పల్లకీ పాతదైనంత మాత్రాన బోయీల కూలి తగ్గదు. కారు సంగతీ అంతే. కారు ధర ఏటేటా పడిపోతుంది కానీ దాని విడిభాగాల ధర పడిపోదు. 2017లో మన దేశంలో విడుదలైన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 అశ్వశక్తి గల కారు. అప్పటి ధర దాదాపు పాతిక లక్షలు. అలాంటి కారు రేపు ఎంత చవకగా దొరికినా దాని బ్రేకు డిస్కులు, టైర్లు, టర్బో, గేర్‌బాక్సు పాతిక లక్షల కారువే. ఆరు లక్షలు పెట్టి కొన్నవాడు ఆరు లక్షల కారును పోషిస్తున్నాననుకుంటాడు. బిల్లు చేతికి వచ్చినప్పుడు తెలుస్తుంది తాను పోషిస్తున్నదేమిటో.

కనుక నమ్మకం అనేది యంత్రానికి మాత్రమే చెందిన గుణం కాదని నా అభిప్రాయం. అది యంత్రానికీ, యజమాని సంచికీ నడుమ ఉండే సంబంధం. ఏడాదికి నాలుగుసార్లు మొరాయించినా ప్రతిసారీ రెండు వేలతో బాగయ్యే కారుతో బతకవచ్చు. మూడేళ్ళకొకసారే చెడినా రెండు నెలల జీతం మింగే కారు మొదటి ఉద్యోగంలో ఉన్నవాడికి నమ్మదగినది కాదు. అదే కారు మరొకరికి నమ్మదగినదే కావచ్చు. రౌతు కొద్దీ గుర్రమన్నారు.

అయినా కొనాలనే కోరిక బలంగా ఉంటే విచారించే పద్ధతి ఒకటుంది. మన నైయాయికులు జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్పారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. పాత కారు కొనేవాడికి వీటిని మించిన పరికరాలు లేవు.

ప్రత్యక్షమంటే కళ్ళతో చూడడం, చెవులతో వినడం. కారును ఉదయం వేళ, ఇంజను పూర్తిగా చల్లబడి ఉండగా చూడాలి. అమ్మేవాడు ముందే స్టార్టు చేసి వేడెక్కించి ఉంచితే ఆ రోజుకు తిరిగి వచ్చేయడం మంచిది. చల్లని ఇంజను దాచలేని శబ్దాలను వేడి ఇంజను దాస్తుంది. గేర్లన్నీ వేసి, గతుకుల రోడ్డు మీదా, ఎత్తు మీదా నడిపి చూడాలి.

అనుమానానికి తర్కశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ కొండమీది పొగను చూసి నిప్పును ఊహించడం. ఆ ఉదాహరణ సైలెన్సరు దగ్గర ఎంత చక్కగా పనికివస్తుందో చూడండి. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నదని అర్థం. టర్బో కార్లలో అది టర్బో అరుగుదలకూ సూచన కావచ్చు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తియ్యని వాసనతో దట్టమైన తెల్లపొగ వస్తుంటే కూలెంట్ లోపలికి చేరుతున్నది. నల్లపొగ వస్తే ఇంధనం అతిగా మండుతున్నది. ఇక మీటరు నలభై వేల కిలోమీటర్లు చూపుతుండగా క్లచ్ పెడలు రబ్బరు, స్టీరింగు తోలు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటరు వెనక్కు తిరిగిందని ఊహించడానికి తర్కసంగ్రహం చదివి ఉండనవసరం లేదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. నాలుగు టైర్లు నాలుగు రకాలవైతే, ఆ యజమాని తక్కిన విషయాల్లో కూడా అలాగే సర్దుకుని ఉంటాడు.

వరదనీటిలో మునిగిన కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని వాహనాలు నీట మునిగాయో మనకు తెలుసు. అటువంటివి శుభ్రపడి అంగడికి చేరవచ్చు. సీటుబెల్టును చివరికంటా లాగి చూస్తే బురదచార కనిపిస్తుంది. కార్పెట్టు కింద వాసన, సీటు పట్టాల మీద తుప్పు కూడా నిజం చెబుతాయి. వైర్లు, సెన్సర్లు ఎక్కువగా ఉన్న కారుకు ఈ నీటిగండం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

ఉపమానం బలహీనమైన ప్రమాణం. "మా స్నేహితుడి దగ్గర ఇదే కారుంది, లక్ష కిలోమీటర్లు నడిచినా చెక్కు చెదరలేదు" అనే మాట ఆ స్నేహితుడి కారుకు మాత్రమే వర్తిస్తుంది. పాత కార్లలో ఒకే మోడలు రెండు బళ్ళు ఒకటి కావు. ఒకదాన్ని పెద్దమనిషి నడిపి ఉంటాడు, మరొకదాన్ని పందేలకు తిప్పి ఉంటారు. స్పోర్ట్స్ కారు విషయంలో ఈ రెండోది జరిగి ఉండే అవకాశం ఎక్కువ. ఇంజన్ కంప్యూటరులోని లెక్కలు మార్చి శక్తి పెంచుకోవడం కొందరికి సరదా. తిరిగి యథాస్థితికి తెచ్చి అమ్మితే దాని ఆనవాలు పైకి కనిపించదు, అరుగుదల మాత్రం లోపల మిగిలిపోతుంది.

ఇక శబ్దం, అంటే ఆప్తవాక్యం. అమ్మేవాడు ఎంత మంచివాడైనా ఈ వ్యవహారంలో ఆప్తుడు కాడు. సర్వీసు బిల్లులే ఆప్తులు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనైతే దాన్ని ఎప్పుడు మార్చారో కాగితం చూపాలి. అది తెగితే అనేక ఇంజన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజనుకే ముప్పు. నూనెలో తడిసే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు అయితే సాధారణంగా 60,000 కిలోమీటర్లకు ఒకసారి అందులోని ఆయిల్ మార్చాలి. ఆ బిల్లు లేకపోతే మార్చలేదనే భావించాలి. మా వాడు చూసిన కారును నా శిష్యుడికి పరిచయమున్న హైదరాబాదు మెకానిక్ ఒకాయన పరీక్షించాడు. రంగు నిగనిగలాడుతున్నది, పాటలపెట్టె కొత్తది, గేర్‌బాక్సు బిల్లు లేదు, ముందు టైర్లు ఎనిమిదేళ్ళ నాటివి. "పండితుల వారూ, ఈ బండికి సింగారానికి పెట్టిన డబ్బు ఆరోగ్యానికి పెట్టలేదు" అని ఆయన నాతో ఫోనులో అన్నమాట నాకు నచ్చింది. మా వాడు బేరం విరమించుకున్నాడు. నాలుగు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, అది వేరే సంగతి.

చట్టం వైపు కూడా చూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అదే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో బదిలీ సంగతి రవాణా అధికారులకు తెలియజేయాలి. 29, 30 నంబర్ల ఫారాలు అందుకే. అప్పు మీద కొన్న కారైతే బ్యాంకు నుంచి 35వ నంబరు ఫారం, ఎన్‌ఓసీ ఉండాలి. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టరీత్యా వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతులు మారుతూ పోయే బేరాలు ఇరుపక్షాలకూ ప్రమాదమే. బీమా తన పేరిట మార్చమని కొన్నవాడు 14 రోజుల్లో బీమా కంపెనీని కోరాలి. నో క్లెయిం బోనస్ పాత యజమానిదే, కారుతో రాదు. సొంత వాహనానికి రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్ళు గనుక 2012లో రిజిస్టరైన కారుకు అది 2027లో ముగుస్తుంది. ఆ లెక్క ధరలో కనిపించాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు ఆ కారు సరిపడుతుందో లేదో యజమాని పుస్తకంలో చూసుకోవాలి. 2023కు ముందు తయారైన కార్లలో చాలావాటిని ఆ మోతాదు కోసం రూపొందించలేదు. అమ్మకాలు ఆగిపోయిన మోడళ్ళ విడిభాగాలు మన ఊళ్ళో దొరుకుతాయా అనేది బేరానికి ముందే కనుక్కోవాలి. హోండా సివిక్ మన దేశంలో 2013లో ఆగి, 2019లో తిరిగి వచ్చి, 2020 చివర మళ్ళీ ఆగిపోయింది. మంచి కారుకు కూడా ఇటువంటి జాతకం ఉంటుంది.

ఇంతవరకు డబ్బు సంగతి. నా అసలు భయం వేరు. చేతిలో డబ్బు లేనివాడు రిపేరును వాయిదా వేస్తాడు. పాటలపెట్టె వాయిదా పడితే నష్టం లేదు. వాయిదా పడేవి బ్రేకు ప్యాడ్లు, టైర్లు, సస్పెన్షను బుష్‌లు. చిన్న కారులో ఈ వాయిదా కొంతవరకు చెల్లుతుంది, ఎందుకంటే ఆ కారు పరుగెత్తదు. వేగం రెట్టింపైతే కారులోని గతిశక్తి నాలుగు రెట్లవుతుందని ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మా సైన్సు మాస్టారు నల్లబల్ల మీద రాసేవారు. 60 నుంచి 120కి ఎనిమిది, పది సెకన్లలో చేరగల కారును అరిగిన టైర్ల మీద, కొత్తగా లైసెన్సు పుచ్చుకున్న కుర్రవాడు, వెనక సీట్లో తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని నడపడం నేను ఊహించలేను. ఆ కారు తొలిరోజే చెడి ఆగిపోతే అదృష్టమే. చెడకుండా పరుగెత్తితేనే భయం.

కాబట్టి నా మాట ఇది. తొలి కారుగా పాత స్పోర్ట్స్ సెడాన్ కొనవద్దని శాసించను. కొనేవాడు కొన్న ధరలో కనీసం నాలుగో వంతు వేరే ఖాతాలో ఉంచుకోవాలి. అది లేకపోతే ఆ కారు తన స్తోమతకు మించినదని ఒప్పుకోవాలి. టర్బో లేని ఇంజను, మాన్యువల్ గేర్లు, ఒకే యజమాని, తెగని బిల్లుల వరుస ఉన్న బండికి మొగ్గు చూపాలి. అదే తరహా శరీరంతో మామూలు ఇంజనున్న రకం దొరికితే మొదటి మూడేళ్ళకు అదే మేలు. చెయ్యి తిరిగాక వేగం ఎక్కడికీ పోదు. మోకాళ్ళు నొప్పిగల తండ్రి ఎక్కి దిగవలసిన కారైతే సీటు ఎంత కిందికుందో ఒకసారి ఆయన్నే కూర్చోబెట్టి చూడాలి. అశ్వశక్తి పట్టికలో ఆ వివరం ఎక్కడా ఉండదు.

భారతంలో నలుడు బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడి రథానికి గుర్రాలను ఎంచినప్పుడు అవి బక్కచిక్కి ఉన్నాయని రాజు సందేహించాడు. బాహుకుడు పుష్టిని కాక లక్షణాలను చూశాడు, ఒక్క పగటిలో విదర్భకు చేర్చాడు. మన యువకులకు ఆ అశ్వహృదయం వెంటనే అబ్బదు. అది అబ్బేవరకు బాహుకుడి వంటి మెకానిక్‌ను వెంట తీసుకువెళ్ళడం, ఆయనకు న్యాయమైన రుసుము ఇవ్వడం, ఆయన వద్దన్నప్పుడు అలగకుండా తిరిగి రావడం చాలు.

స్వస్తి.