రెజ్యూమెతో పాటు ఓ సంచీ తీసుకెళ్లండి!

డిగ్రీ పూర్తయింది. బ్యాంకు, గ్రూప్స్ నోటిఫికేషన్లు వచ్చేలోగా ఊళ్లోని ప్రీస్కూల్‌లో చేరదామనుకుంటున్నారా? 'చిన్నపిల్లలే కదా, నాలుగు రైమ్స్ వస్తే చాలు' అనుకుని డెమో క్లాసుకు వెళ్తే పది నిమిషాల్లో చేతులెత్తేయాల్సి వస్తుంది. మూడేళ్ల పిల్లలను కూర్చోబెట్టడం మాటలతో అయ్యే పని కాదు. నన్నడిగితే, ఈ ఉద్యోగానికి మీరు సరిపోతారో లేదో మీ మార్కుల కన్నా మీరు చేత్తో తయారుచేసిన ఆటవస్తువులే బాగా చెబుతాయి.

పసిపిల్లలు ముందు నేర్చుకునేది వేళ్లతోనే. పలకా బలపం తర్వాత. గరుకు, నునుపు తేడా చేతికి తెలిస్తేనే ఆ మాటలు బుర్రకెక్కుతాయి. పిండి పిసికి బలపడిన వేళ్లే రేపు పెన్సిల్ పట్టుకుంటాయి. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో ఇంద్రియాలకు పదును పెట్టే సామగ్రిదే పెద్దపీట. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం బొమ్మలు, పజిళ్లతో 'జాదూయీ పిటారా' పెట్టెను విడుదల చేసింది.

అలాంటి పెట్టె కోసం వేలు పోయక్కర్లేదు. సరుకంతా మన చుట్టూనే ఉంది. ఏలూరు తివాచీలకు పేరున్న ఊరు. ఓ ఉన్ని ముక్క, గోనె ముక్క, నూలు గుడ్డ, కొబ్బరి పీచు అట్ట మీద అంటిస్తే స్పర్శ పలక సిద్ధం. కొల్లేరు పల్లెల్లో పాత వల ముక్కకు కొదవా? బాగా ఉతికి దాన్నీ చేర్చండి. ఒకేలాంటి ఆరు డబ్బాలు తీసుకుని రెండింట్లో బియ్యం, రెండింట్లో శనగలు, రెండింట్లో ఇసుక పోయండి. ఊపి, చప్పుడు విని జత కలపడమే ఆట. రెండు కప్పుల మైదా, అర కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు, తగినన్ని నీళ్లు కలిపితే రంగు ముద్ద తయారు.

అసలు పరీక్ష జాగ్రత్త దగ్గరే. చింతపిక్కలు భలే గలగలమంటాయి కానీ పిల్లలు నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. అందుకే డబ్బా మూత బిగించి టేపు చుట్టాలి. మైదా ముద్ద తిననివ్వకూడదు, అందులో ఉప్పెక్కువ. నీళ్ల తొట్టె ఆటలో పిల్లల్ని క్షణం కూడా వదిలి వెళ్లకూడదు. చెరువుల మధ్య పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పాలా! ఇంటర్వ్యూలో ఈ సంగతులు మీ అంతట మీరే చెబితే అవతలివాళ్లకు నమ్మకం కుదురుతుంది.

'జీతం తక్కువ కదా?' అంటారు. నిజమే, చాలాచోట్ల మొదట్లో ఇచ్చేది చాలా తక్కువ. పని తెలిసిన టీచరుకు ఆ జీతం అన్యాయం అని యాజమాన్యాలూ ఒప్పుకోవాలి. అయితే పని తెలుసని చూపించినవాళ్లకే బేరమాడే బలం ఉంటుంది. అక్కడితో ఆగిపోకండి కూడా. ప్రీస్కూల్ డిప్లొమా చేస్తే ఎన్‌సీటీఈ గుర్తింపు, ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించే కోర్సయితే ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేసేచోట ఈ చేతిపని మరీ అవసరం. ఒక పిల్లాడికి హాయిగా ఉన్న గరుకు ఇంకొకడికి భరించలేనిదవుతుంది. అది కనిపెట్టి వస్తువు మార్చగలగడమే నైపుణ్యం.

ఈ వారం మూడు వస్తువులు చేయండి. పక్కింటి పాపాయి అమ్మను అడిగి, ఆమె ఎదుటే పాపాయితో ఆడించండి. ఏది పట్టుకుంది, ఏది విసిరేసింది, ఎంతసేపు ఆడింది, మీరేం మార్చారు అన్నది అర పేజీ రాసుకోండి. ఆ కాగితాన్ని, ఆ సంచీని ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.