గృహవిజ్ఞానము: దించుకొన్న వీడియో మసకగా నుండుటేల?



పెండ్లిపందిరిలో వధూవరులతోపాటు కెమెరాకును ఒక పీట వేయుట ఇప్పుడు మన యిండ్లలో ఆచారమైపోయినది. డాలసులోని మేనత్తయు, మెల్బోర్నులోని పినతల్లియు తమ యిండ్లలో కూర్చుండియే జీలకఱ్ఱ బెల్లము వేడుకను కన్నులార చూచుచున్నారు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి, వివాహములకు వచ్చువారి సంఖ్యపై ప్రభుత్వము కట్టుబాటు విధించినప్పుడు మిక్కిలిగా వ్యాపించిన ఈ పద్ధతి వ్యాధి తగ్గిన తరువాతను నిలిచియున్నది. మంచిదే. కాని ప్రసారము ముగిసిన పిదప ఆ వీడియోను ఇంటిలో భద్రపఱచుకొనబోయినప్పుడు చిక్కు వచ్చుచున్నది.

ఒక సోదరి మాకిట్లు వ్రాసినారు: “మా చెల్లెలి పెండ్లిలో మా అమ్మగారు మంగళహారతి పాడినారు. ఆఱు నెలలకే ఆమె మమ్ము విడిచిపోయినది. ఆ పాట యూట్యూబులో మాత్రమే ఉన్నది. అక్కడ చూచునప్పుడు అమ్మ ముక్కుపుడక సైతము మెఱయుచుండును. ఫోనులోనికి దించుకొన్నప్పుడో, ముఖమే ఆనవాలు పట్టరాకున్నది. ఫోను మార్చి చూచితిని. ఫలము లేదు. దోషమెక్కడ?”

ఇది చిన్న సంగతి కాదు. పరుల తావున దాచిన వస్తువు ఎన్నాళ్లుండునో ఎవరు చెప్పగలరు? ఆ వీడియో నెక్కించినవారు దానిని తొలగించినను, తమ ఖాతాను మూసివైచినను, ఆ తల్లి కంఠము మఱల వినరాదు. కావున ఈ మాసము ఈ విషయమునే వివరింపదలచితిమి.

మొట్టమొదట స్పష్టత యననేమో తెలిసికొనవలెను. ముగ్గు వేయు స్త్రీలకు దీనిని మేము నేర్పనక్కఱలేదు. చుక్కలు కొలదిగా నున్నచో నాలుగు రేకుల పద్మమే కుదురును. చుక్కలు హెచ్చినకొలది నెమలియీకలోని కన్నును సైతము చూపవచ్చును. తెఱమీది బొమ్మయు అట్టి చుక్కల కూర్పే. 360 అనబడు బొమ్మలో అడ్డముగా 640, నిలువుగా 360 చుక్కలు, వెరసి 2,30,400 ఉండును. 720 బొమ్మలో 9,21,600. 1080 బొమ్మలో 20,73,600. 4కె అనబడు దానిలో 82,94,400 ఉండును. అనగా 360 బొమ్మలో ఒక్క చుక్క యున్నచోట 1080 బొమ్మలో తొమ్మిది చుక్కలున్నవి. ముక్కుపుడక కనబడుటయు, కనబడకపోవుటయు ఈ తొమ్మిదింటి భేదమే.

ఇక ప్రసారము జరుగు తీరు వినుడు. ఒక వీడియోను మనమెక్కించినప్పుడు సంస్థవారు దానిని ఒక్క ప్రతిగా నుంచరు. 144 మొదలుకొని 1080 వఱకును, ఆ పైనను, మెట్లు మెట్లుగా పలు ప్రతులు చేయుదురు. ఒక్కొక ప్రతిని కొన్ని సెకనుల నిడివి గల ముక్కలుగా పంపుదురు. 2009లో ఆపిల్ సంస్థవారు వెలువఱచిన హెచ్.ఎల్.ఎస్. అను పద్ధతియు, 2012లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన డాష్ అను పద్ధతియు ఇట్టివే. నెట్టు వేగముగా నున్నప్పుడు పై మెట్టు ముక్కలును, మందగించినప్పుడు క్రింది మెట్టు ముక్కలును వచ్చుచుండును. కుళాయి ధార సన్నగిల్లినప్పుడు బిందె తీసి చెంబు పెట్టుట వంటిది. చూచునప్పుడు ఈ మెట్లు తమంతట మాఱుచుండును; దించుకొనునప్పుడు ఏదో యొక మెట్టు ప్రతియే మనకు వచ్చును. కావున చూచినది స్పష్టముగాను, దించుకొన్నది మసకగాను ఉండుట వింత కాదు. ఫోను దోషమంతకన్నను కాదు.

ఇప్పుడు కారణములను వరుసగా శోధింతము. క్రమము తప్పక చూచినచో వృథాశ్రమ తగ్గును.

మొదట, మూలములో ఎంత స్పష్టత కలదో చూడవలెను. వీడియో నడచుచుండగా పండ్లచక్రము గుర్తును నొక్కి నాణ్యతల పట్టిక తెఱచినచో, అందున్న పెద్ద అంకెయే మన హద్దు. అది 720 అయినచో ఏ యుపాయమునను 1080 రాదు. కుండలో నున్నగదా గరిటెకు వచ్చునది! కల్యాణమండపములో నెట్టు చాలక ప్రసారకులు 720లోనే పంపినచో యూట్యూబులో నిలుచునది 720 బొమ్మయే. అయినను ఫొటోగ్రాఫరు కెమెరాలోని కార్డులో అంతకంటె మేలైన బొమ్మ విడిగా ఉండవచ్చును. దానిని తప్పక అడుగవలెను.

రెండవది కాలము. క్రొత్తగా ఎక్కించిన వీడియోకు ముందు తక్కువ స్పష్టత గల ప్రతి సిద్ధమగును. హెచ్చు స్పష్టత గల ప్రతులు సిద్ధమగుటకు మఱికొంత కాలము పట్టును. ఎక్కించిన వెంటనే దించుకొన్నవారికి 360 మాత్రమే దొరకవచ్చును. కొన్ని గంటలు ఓపికపట్టి మఱల చూడవలెను. మఱియొక హెచ్చరిక: ప్రత్యక్ష ప్రసారము 12 గంటలకు మించినచో యూట్యూబు దానిని తనంతట భద్రపఱచదు. స్నాతకము మొదలు అప్పగింతల వఱకు ఒకే ప్రసారముగా నడుపువారు దీనిని గుర్తుంచుకొని, నడుమ నొకమాఱు ఆపి క్రొత్త ప్రసారము మొదలుపెట్టుట క్షేమము.

మూడవ కారణమును పెక్కుమంది ఎఱుగరు. మాకు జాబు వ్రాసిన సోదరి చిక్కునకు మూలమిదియే యని మాకు తోచుచున్నది. యూట్యూబులో హెచ్చు స్పష్టత గల ప్రతులయందు బొమ్మ వేఱుగాను, ధ్వని వేఱుగాను దాచబడియుండును. చూచునప్పుడు రెండును ఒక్కసారి తెప్పించి జతపఱచుట జరుగును. బొమ్మయు ధ్వనియు కలిసియున్న ప్రతి తక్కువ మెట్టునందే, తఱచుగా 360 మెట్టునందే, దొరకును. సామాన్యమైన దించుకొను సాధనములు ఆ కలిసిన ప్రతినే పట్టుకొని వచ్చును. పట్టుబట్టి 1080 ప్రతిని తెచ్చుకొన్నవారికి మూగబొమ్మ దక్కును! బొమ్మను, ధ్వనిని విడివిడిగా దించుకొని ఒక్కటి చేయుటకు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను ఉచిత సాధనము కలదు. అది జతపఱచుటయేగాని బొమ్మను మఱల నలుగగొట్టదు. కావున స్పష్టత చెడదు. 1080కి పైనున్న ప్రతులు సాధారణముగా వీపీ9, ఏవీ1 అను క్రొత్త కూర్పులలో నుండును. పాత టెలివిజనులు వానిని చదువలేక ధ్వని మాత్రమే వినిపించి తెఱను నల్లగా నుంచును. ఇంటిలో పెద్దలు పాత టెలివిజనుమీద చూడవలసియున్నచో, హెచ్.264 కూర్పులోని 1080 ప్రతి మేలు.

ఐతే ఇందులో ధర్మము కూడ కలదు. యూట్యూబువారు తాము చూపిన దారిని దప్ప, అనుమతి లేక దించుకొనుటను తమ నిబంధనలలో నిషేధించినారు. పరులు శ్రమించి తీసిన చిత్రమును అడుగక తెచ్చుకొనుట తగదు. కావున మన యింటి పెండ్లి వీడియోయైనను, ఎవరి ఖాతాలో నున్నదో వారి నడుగుటయే రాజమార్గము. ఖాతాదారుడు స్టూడియో అను తావునుండి దించినచో 720 గాని 360 గాని వచ్చును. అంతకు మించి రాదు. ఆతడు “ఇంతే వచ్చుచున్నది” అనుటలో అసత్యము లేదు. కాని గూగుల్ టేకౌట్ అను మఱొక దారి కలదు. దానిలో ఖాతాదారుడు తన వీడియోలను తాను పంపిన రూపమునగాని, ఎంపీ4 రూపమునగాని తిరిగి పొందవచ్చును. ఆ సోదరి ఫొటోగ్రాఫరును ఈ రెండవ దారిని చూడుమని కోరవలెను; కెమెరా కార్డులోని మూలప్రతి యున్నదేమో కూడ అడుగవలెను. ఈ రెండును లేనప్పుడు, ఆతని యనుమతితో బొమ్మను ధ్వనిని జతపఱచు పద్ధతి నవలంబింపవచ్చును.

నాలుగవది రుసుము చెల్లించి చూచు సినిమాల సంగతి. వీనిని ఆయా యాపులలోనే దించుకొనవలెను. ఇచట హద్దులు మూడు విధములు. ఒకటి, యాపు అమరికలలో దించుకొను నాణ్యత “సాధారణము” అని యుండుట. దానిని “హెచ్చు” అని మార్చినచో చాలును. రెండు, మనము చెల్లించు రుసుము. నెట్‌ఫ్లిక్సువారు 2019 జూలైలో మన దేశమున ఫోనులకై 199 రూపాయల పథకమును ప్రవేశపెట్టినప్పుడు దాని స్పష్టతకు 480 హద్దుగా నుంచినారు. మూడు, ఫోనులోని రక్షణ. ఆండ్రాయిడ్ ఫోనులలో వైడ్‌వైన్ అను తాళము కలదు. దానిలో ఎల్1 మేలైనది, ఎల్3 తక్కువది. ఎల్3 గల ఫోనులో నెట్‌ఫ్లిక్సు చిత్రము 480కి మించదు. తెఱ యెంత గొప్పదైనను, రుసుమెంత చెల్లించినను లాభము లేదు. ఆ యాపు అమరికలలో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అనుచోట ఈ వివరము కనబడును. పథకము మార్చుటకు డబ్బు కట్టకముందే దీనిని చూచుకొన్నచో ఆ డబ్బు మిగులును.

ఒక్కొకప్పుడు హద్దు మనయింట ఏమాత్రము నుండదు. 2020 మార్చిలో దేశమంతట ప్రజలు ఇండ్లలో నిలిచిపోయి నెట్టుపై భారము హెచ్చినప్పుడు, ప్రసారసంస్థలు కూడబలుకుకొని మొబైలు నెట్టుపై 480కి మించి యీయకుండ కొంతకాలము ఆపినవి. కావున ఒక్క వీడియోయేగాక అన్నియు ఒక్కసారిగా మసకబాఱినచో ఫోనును నిందింపక వార్తలు చూడవలెను.

ఐదవది చోటు. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున ప్రవహించు చిత్రము గంటకు 2.25 గిగాబైట్లు తినును. రెండు గంటలకు 4.5 గిగాబైట్లు. ఫ్యాట్32 అను పద్ధతిలో సిద్ధపఱచిన పెన్‌డ్రైవులో 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలు పట్టదు, ఎంత ఖాళీ యున్నను సరే. “చోటున్నది గదా, ఎక్కదేల?” యని విసుగుకొని చిన్న ప్రతిని ఎక్కించువారు కలరు. పెన్‌డ్రైవులోనిదంతయు వేఱొకచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో దానిని మఱల సిద్ధపఱచినచో పెద్ద ప్రతియే ఎక్కును. అట్లు సిద్ధపఱచునప్పుడు అందున్నదంతయు తుడిచివేయబడునని మఱువరాదు. దానిని టెలివిజనుకు తగిలింపదలచినచో, ఎక్స్‌ఫ్యాట్‌ను ఆ టెలివిజను చదువగలదా యని ముందుగా చూచుకొనవలెను.

ఆఱవది పంపకము. కష్టపడి తెచ్చుకొన్న మంచి ప్రతిని అక్కచెల్లెండ్రకు వాట్సాపులో వీడియోగా పంపినచో అది దారిలోనే కుంచించుకుపోవును. దానినే డాక్యుమెంటుగా పంపినచో ఉన్నదున్నట్లు చేరును. 2 గిగాబైట్ల వఱకు అట్లు పంపవచ్చును.

కడపట నొక్క మాట. మసకబొమ్మను 4కెగా మార్చెదమని చెప్పు సాధనములు బజారులో పెక్కు వెలసినవి. గుడ్డను సాగదీసినంత మాత్రమున నూలుపోగులు హెచ్చవు. ఇప్పటి కృత్రిమమేధ సాధనములు లేని చుక్కలను ఊహించి నింపుచున్నవి. ముఖము నున్నగాను, కన్నులు తేటగాను కనబడును గాని, ఆ కనుబొమ్మ యంత్రము గీసినది. వేడుకకు చేసికొన్నచో చేసికొనుడు. కాని మసకగానున్న అసలు ప్రతిని చెఱిపివేయకుడు. కన్నతల్లి ముఖమునకు యంత్రము గీసిన ముఖము బదులు కాదు. ఖాతా రహస్యపదమడుగు సాధనములకును, గుర్తు తెలియని తావులనుండి వచ్చు యాపులకును మాత్రము గడప దాట నీయకుడు.

ఇంటిలో శుభకార్యము తలపెట్టినవారు భజంత్రీలకు తాంబూలమిచ్చునాడే ఫొటోగ్రాఫరుతోను మూడు మాటలు అనుకొనవలెను: ప్రసారము ఏ స్పష్టతలో పంపుదురు, కెమెరాలో విడిగా మూలప్రతి నుంతురా, దానిని ఎన్నాళ్లలో హార్డుడిస్కునకెక్కించి యిత్తురు? ఆ ప్రతి చేతికి వచ్చినపిమ్మట రెండు చోట్ల దాచవలెను. ఒకటి మన యింట, రెండవది పుట్టినింటనో అక్కచెల్లెండ్ర యింటనో. నగలకు పెట్టె వెదకుచున్నాము. పెద్దల కంఠమునకును ఒక పెట్టె చూపుట మన పనియే.

ఈ విషయమున ఇంకను సందేహములున్నవారు తమ ఫోను పేరును, వీడియో ఎచటనున్నదియు, దించుకొన్నప్పుడు కనబడిన అంకెను వ్రాసి పంపినచో, ఈ శీర్షికయందే ప్రత్యుత్తరమీయ గలము.