హాబీ పేరుతో కొత్త వెట్టి



సంగారెడ్డి, పటాన్‌చెరు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక రకం ఉద్యోగ ప్రకటన మీరూ చూసే ఉంటారు. "యాక్టివిటీ ఇన్‌స్ట్రక్టర్ కావలెను. శని, ఆదివారాలు మాత్రమే. పిల్లలతో కలిసిపోవాలి. డాన్స్, డప్పు, ఆటలు, జిప్‌లైన్, వీటిలో ఏ రెండు వచ్చినా చాలు. ప్యాషన్ ఉన్నవారికి ప్రాధాన్యం." జీతం ఎంతో రాయరు. అడిగితే "మాట్లాడుకుందాం రండి" అంటారు. ఆ మాట్లాడుకోవడం పని అయిపోయాక గానీ జరగదు.

నా పేచీ ఆ ప్యాషన్ అనే మాట దగ్గరే. అకౌంటెంటును ప్యాషన్ ఉందా అని అడగరు. ఫార్మా కంపెనీలో కెమిస్టును అడగరు. పాట పాడేవాడికి, ఆట ఆడించేవాడికి, డప్పు నేర్పేవాడికి మాత్రం ప్యాషన్ ఉండి తీరాలి. ఎందుకంటే ప్యాషన్ ఉన్నవాడు పైసలు అడగడు. అడిగాడా, వాడికి ప్యాషన్ లేనట్టే.

ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో నాకు తమ్ముడి వరసయ్యే ఒకడున్నాడు. డిగ్రీలో నా దగ్గరే తెలుగు చదివాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక కంపెనీలో కాంట్రాక్టు హెల్పర్. శని, ఆదివారాలు ఒక రిసార్టులో యాక్టివిటీ ఇన్‌స్ట్రక్టర్. పొద్దున ఐటీ కంపెనీ వాళ్ల టీమ్ బిల్డింగ్, మధ్యాహ్నం ఏదో స్కూలు పిల్లల పిక్నిక్, సాయంత్రం గేటెడ్ కమ్యూనిటీ వాళ్ల బర్త్‌డే. పొద్దుందాకా నిలబడే పని. 40 మంది పిల్లలకు నడుముకు బెల్టులు బిగించాలి, హుక్కులు రెండేసి సార్లు చూసుకోవాలి, ఒక్కొక్కరినీ తాడు మీద వదలాలి. ఒక్క హుక్కు సరిగ్గా పడకపోతే ఏమవుతుందో వాడికి తెలుసు. అయితే ఆ పని వాడికి పద్ధతిగా నేర్పినవాళ్లెవరూ లేరు. అంతకు ముందున్న పిల్లగాడు మానేసి పోతూ పోతూ ఓ అరగంట చూపించాడు, అదే ట్రైనింగ్. రేపు ఏదైనా జరిగితే కేసు ఎవరి మీద పడుతుందో చెప్పడానికి లా చదవక్కర్లేదు.

ఇక డప్పు సంగతి. వాడి తాత డప్పు కొట్టేవాడు. సిర్ర ఎట్లా పట్టాలి, చిటికెన పుల్ల ఎక్కడ ఆనించాలి, తోలు ఎంత కాగితే గొంతు విప్పుతుంది, ఇవన్నీ వాడికి ఇంట్లోనే వచ్చాయి. రిసార్టులో డప్పు సెషన్ పెడదామని ముందు అన్నది కూడా వాడే. మేనేజరుకు ఐడియా నచ్చింది కానీ తోలు డప్పు వద్దన్నాడు. కాపడానికి మంట పెడితే పొగ వస్తుందట, వాసన గెస్టులకు పడదట. సరేనని వీడు ఫైబర్ డప్పులు అద్దెకు తెచ్చాడు. అద్దె ఎవరిచ్చారనుకున్నారు? వాడే. అతిథుల బస్సు దిగగానే గేటు దగ్గర కొట్టి లోపలికి తోలుకురావాలి, ఆ తర్వాత 45 నిమిషాలు నేర్పాలి. నేర్పినదానికి ఎంతో కొంత లెక్క కడతారు. గేటు దగ్గర కొట్టినదానికి ఏమీ లేదు. అది "వెల్‌కమ్" అట.

అదే రిసార్టుకు హైదరాబాద్ నుంచి ఇంకొకాయన వస్తాడు, జెంబే వాయిస్తాడు. పశ్చిమ ఆఫ్రికా వాద్యం. మంచి వాద్యం, నాకు దాని మీద కోపమేమీ లేదు. ఆయన్ను ఫెసిలిటేటర్ అంటారు. అడ్వాన్సు ముందే పడుతుంది, బట్టలు మార్చుకోవడానికి గది ఇస్తారు, భోజనం గెస్టులతోనే. మావాణ్ణి "డప్పు అబ్బాయి" అంటారు, భోజనం వంటింటి వెనక. జెంబేకు వేసేదీ మేక తోలే, డప్పుకు వేసేదీ మేక తోలే. ఆ తోలు సముద్రం దాటి వస్తే గెస్టుల ముక్కుకు వాసన రాదు, మన వాడ నుంచి వస్తే వస్తుంది.

సంగీతం నేర్పితే మాస్టారు, భరతనాట్యం నేర్పితే గురువు, యోగా నేర్పితే ఏకంగా గురూజీ. డప్పు నేర్పేవాడు మాత్రం అబ్బాయి.

దీన్ని వెట్టి అంటే కొందరికి పెద్ద మాటగా అనిపించొచ్చు. కొంచెం ఆగి చూద్దాం. గడీల కాలంలో మాదిగ ఇంటివాడు దొర ఇంటి ముందు డప్పు కొట్టడం, ఊళ్లో చాటింపు వేయడం, శవం ముందు నడవడం, ఇవేవీ పని కింద లెక్క కాదు. అది వాడి "విధి". పని అంటే కూలి అడగొచ్చు, విధికి కూలి ఉండదు కదా. పంట నూర్చినప్పుడు కల్లం దగ్గర మేర కింద ఇన్ని గింజలు పోసేవాళ్లు. ఆ మేరను నేను మెచ్చుకోవడం లేదు, దాన్ని అందుకోవడానికి కొంగు పట్టిన మన అవ్వల తలవంపు నాకు తెలుసు. అయినా ఒక్కటి చెప్పాలి. మేర ఇవ్వకపోతే మాదిగలు కల్లం దగ్గర నిలబడి అడగగలిగేవాళ్లు. ఊరంతటికీ తెలిసిన లెక్క అది. మా తమ్ముడు నిలబడి అడగడానికి కల్లమే లేదు. ఒక వాట్సాప్ నంబరు ఉంది, అదీ ఒక్కోసారి బ్లాక్ అవుతుంది.

వెట్టికి నేను పెట్టుకున్న గుర్తు ఒక్కటే: వద్దనే హక్కు ఉందా లేదా? గేటు దగ్గర కొట్టను, లోపల నేర్పుతాను అని వాడు అనగలడా? అంటే వచ్చే శనివారం ఇంకొకణ్ణి పిలుస్తారు. దొర వెట్టిని విధి అన్నాడు, రిసార్టు ప్యాషన్ అంటోంది. రెండు మాటల పనీ ఒకటే, కూలి అనే మాటను నోట్లోంచి రానివ్వకపోవడం.

ఇదంతా ప్రైవేటు వాళ్ల బుద్ధి అనుకుంటే పొరపాటు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. డీఎస్సీకి ప్రిపేరయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎట్లాగూ బట్టీ పట్టే ఉంటారు. 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 దాటితే ఎవరెవరు ఉండాలి? పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. చూశారా? లెక్కలు, సైన్సు, భాష చెప్పేవాళ్లు టీచర్లు. చేత్తో, కాలితో, గొంతుతో నేర్పేవాళ్లు ఇన్‌స్ట్రక్టర్లు, అదీ పార్ట్‌టైమ్. తలకు పూర్తి జీతం, చేతికి సగం. ఇది ఎవరో గుమాస్తా చేసిన తప్పు కాదు. అంబేడ్కర్ 1936లో కులనిర్మూలనలో ఏ నిచ్చెన గురించి మాట్లాడాడో ఆ నిచ్చెనే చట్టంలోకి నడిచి వచ్చింది.

మళ్లీ 2020 జాతీయ విద్యావిధానం ఏమంటుంది? పాఠ్యాంశాలకూ పాఠ్యేతర అంశాలకూ మధ్య గోడలు ఉండొద్దంటుంది. 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు బ్యాగు లేకుండా కుమ్మరి దగ్గర, వడ్రంగి దగ్గర, కళాకారుడి దగ్గర నేర్చుకోమంటుంది. వినడానికి ఎంత బాగుందో! ఆ పది రోజులు పిల్లలకు నేర్పిన కుమ్మరికి దినసరి కూలి ఎవరివ్వాలి? మిగతా 355 రోజులు ఆయన ఏం తినాలి? సమగ్ర శిక్ష ఉద్యోగులు 2024 డిసెంబరులో రాష్ట్రమంతటా సమ్మెకు దిగి రోడ్ల మీద కూర్చున్నది ఊరికే కాదు.

ప్రభుత్వం అసలేమీ చేయలేదని అనను. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు నెల జీతం ఇచ్చారు. పాటకు, డప్పుకు నెల జీతం ఉండొచ్చని అది రుజువు చేసింది, చిన్న విషయం కాదు. కానీ వాళ్ల చేత చేయించింది ఏమిటి? పథకాల ప్రచారం. బడిలో నేర్పండి అని పంపి ఉంటే ఇవాళ ప్రతి మండలంలో ఒక డప్పు టీచర్ ఉండేవాడు. ఆంధ్రప్రదేశ్‌లో 50 ఏళ్లు నిండిన డప్పు కళాకారులకు పింఛన్ ఉంది, 2024లో దాన్ని నెలకు 4,000 చేశారు. మంచిదే. కానీ పింఛన్ వయసు వచ్చేదాకా బతకాలంటే మధ్యలో కూలి కూడా ఉండాలి కదా.

"ఆటపాటలు నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా సార్" అని మా స్టాఫ్‌రూమ్‌లోనే ఒకాయన నవ్వాడు. ఆయనకు ఇక్కడ జవాబు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. 13 ఏళ్ల లంబాడ పిల్ల, ఖమ్మం జిల్లా దళిత పిల్లాడు, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. వాళ్ల శిక్షణ మొదలైంది భువనగిరి గుట్ట మీద, శేఖర్ బాబు అనే పర్వతారోహకుడి దగ్గర. తాడు కట్టడం, కాలు ఎక్కడ ఆనించాలో చెప్పడం, భయపడితే కింద నిలబడి ధైర్యం ఇవ్వడం. రిసార్టు భాషలో చెప్పాలంటే అదంతా యాక్టివిటీయే.

మనవాళ్లలోంచి కూడా ఒక అభ్యంతరం వస్తుంది. అసలు ఆ డప్పే వదిలేయక, దానికి జీతం అడగడమేమిటి అని. ఈ మాట అనేవాళ్లంటే నాకు గౌరవం ఉంది. శవం ముందు కొట్టం అని డప్పు చించేసిన పెద్దలది ఆత్మగౌరవం. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా అదే డప్పును భుజానికెత్తుకుంది, అదీ ఆత్మగౌరవమే. మన తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ నుంచి తెలంగాణ ధూంధాం వేదికల దాకా ఆ మోత లేకుండా సభ జరిగిందా? కాబట్టి డప్పు ఉండాలా పోవాలా అన్నది పట్టుకున్నవాడి ఇష్టం. కొట్టనన్నవాణ్ణి కొట్టమనే హక్కు ఎవరికీ లేదు. నేర్పుతానన్నవాడికి కూలి ఎగ్గొట్టే హక్కూ ఎవరికీ లేదు.

ఇప్పుడు కాగితం గురించి. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది, ఆచూకీ తెలియని వాళ్ల కోసం ఇంటివాళ్లు రోజుల తరబడి కాచుకున్నారు. వలస వచ్చిన కాంట్రాక్టు కూలీ పేరు ఎక్కడ, ఎవరి రికార్డులో ఉందన్న ప్రశ్న ఎంత పెద్దదో మన ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. రిసార్టులో, ప్రైవేటు స్కూల్లో, సమ్మర్ క్యాంపులో పనిచేసే ఇన్‌స్ట్రక్టరు పేరు కూడా చాలాచోట్ల ఏ రిజిస్టరులోనూ ఉండదు. తాడు తెగి కింద పడితే వాడు "ఆ రోజు ఊరికే వచ్చినవాడు" అయిపోతాడు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకున్న అభ్యంతరాలు నాకూ ఉన్నాయి, వాటి గురించి ఇంకోసారి రాస్తాను. కానీ అందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. పది మంది, అంతకు మించి పనిచేసేచోట ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. పది మంది, అంతకు మించి ఉన్నచోట నెలకు 21,000 లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ ఉంది. "నువ్వు ఉద్యోగివి కాదు, ఫ్రీలాన్సర్‌వి" అని తప్పించుకోవాలని చూస్తారు. టైము వాళ్లు చెప్పి, యూనిఫారం టీషర్టు వాళ్లు ఇచ్చి, ఆలస్యమైతే కోత వాళ్లు పెట్టాక ఇంకా ఫ్రీ ఎక్కడిది?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే వేసవి క్యాంపులకు ఒప్పుకునే ముందు కనీసం ఇవి రాయించుకోండి. గంటకు ఎంత, గేటు దగ్గర నిలబడే గంటతో సహా. డప్పులు, తాళ్లు, సామాను ఖర్చు ఎవరిది. దెబ్బ తగిలితే, మీకైనా పిల్లలకైనా, ఆసుపత్రి ఖర్చు ఎవరిది. డబ్బు ఏ తారీఖున పడుతుంది. కాగితం ఇవ్వనంటే కనీసం ఇవే ముక్కలు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి "ఓకే" అనిపించుకోండి, రేపు లేబర్ ఆఫీసులో చూపించడానికి అది కూడా ఆధారమే. ఒక్కరే అడిగితే ఇంకొకణ్ణి పిలుస్తారు, అందుకని ఆ రిసార్టుకు వెళ్లే నలుగురూ కలిసి అడగండి. ఇస్మాయిల్‌ఖాన్‌పేట, కంది, ఇస్నాపూర్ పిల్లలు ఒకరి నంబరు ఒకరి దగ్గర పెట్టుకోండి, ఒకరు వద్దన్న రేటుకు ఇంకొకరు పోవద్దు.

ఆ కాగితం నమూనా ఒక పేజీలో తెలుగులో రాసి పెట్టాను. కావలసినవాళ్లు మెసేజ్ చేయండి, పంపిస్తాను. గురుకులాల్లో పార్ట్‌టైమ్ పీఈటీలుగా, ఆర్ట్ ఇన్‌స్ట్రక్టర్లుగా చేస్తున్నవాళ్లు మీ ఆర్డరు కాపీలు పంపండి, పేర్లు బయటపెట్టను. వచ్చే భాగం వాటి మీదే.