రాయి తాగకూడదు... నేల తాగాలి!

తెల్లారగానే వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టే మట్టినేలలు తగ్గిపోతున్నాయి. ఉదయగిరి కానీ, ఆత్మకూరు కానీ... కొత్తగా కట్టిన ఇంటి ముందు కడప బండలో, సిమెంటు పేవర్ బ్లాకులో పరిచి ఉంటున్నాయి. బురద ఉండదు. ఊడ్చుకోవడం తేలిక. మొదట్లో అంతా బాగానే ఉంటుంది. నవంబరు వానలు ఒక్కసారి కురిసి వెలిశాయంటే అసలు సంగతి బయటపడుతుంది. నీడపట్టున పచ్చటి పాకుడు. బ్లాకుల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర. తులసికోట చుట్టూ కార్తీక దీపాల నూనె మరకలు.

అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. 'యాసిడ్ పోసి కడిగేద్దాం' అని ఒకరు. 'మెరిసే కోటింగ్ ఏదో ఉందట, వేయిద్దాం' అని మరొకరు. తొందరపడితే రెండూ నష్టమే!

యాసిడ్‌కు కరిగే బండ

ఎర్రగుంట్ల వైపు నుంచి లారీల్లో వచ్చే నల్లటి కడప బండ గట్టిగా కనిపిస్తుంది కానీ, జాతికి అది సున్నపురాయి. యాసిడ్ పడగానే బుసబుసమని నురగ వస్తుంది. మురికి వదులుతోందని సంబరపడతాం. నిజానికి కరుగుతున్నది రాయి. నున్నటి పైపొర పోయి గరుకుతేలుతుంది. ఆ గరుకులో మట్టి మరింతగా పట్టుకుంటుంది. మళ్లీ యాసిడ్... మళ్లీ మురికి!

అంత ఘాటు యాసిడే అక్కర్లేదు, నిమ్మరసం చాలు. కొత్త బండికి పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తే, పాలిష్ బండ మీద ఆ చోట వెలిసిపోయిన మచ్చ మిగిలిపోతుంది. అది మరక కాదు, రాయి తిన్న దెబ్బ. కడిగితే పోదు. నిమ్మతోటలున్న ఇళ్లలో కాయలు వాకిట్లో రాశి పోయాల్సివస్తే కింద పట్టా పరచడం మంచిది. చింతపండు పులుసు ఒలికినా వెంటనే నీళ్లతో కడిగేయాలి.

సిమెంటు బ్లాకుల మీద వచ్చే తెల్లపొరది వేరే కథ. సిమెంటులోని సున్నం తడితోపాటు పైకొచ్చి, గాలి తగిలి తెల్లగా గట్టిపడుతుంది. కొత్త బ్లాకులకు ఇది మామూలే. ఎండిన బ్లాకును గట్టి బ్రష్‌తో పొడిగా రుద్ది, ఆ పొడిని ఊడ్చేశాకే నీళ్లు పోయాలి. ముందే నీళ్లు పోస్తే ఆ సున్నం మళ్లీ లోపలికి ఇంకి, ఆరాక తిరిగి పైకొస్తుంది. కొన్నాళ్లకు దానంతటదే తగ్గుతుంది.

పాకుడు మాత్రం అలా వదిలేయాల్సింది కాదు. తెల్లవారుజామున పూలు కోయడానికి వచ్చిన పెద్దావిడ కాలుజారితే తుంటి ఎముక విరగొచ్చు. ఆ వయసులో మంచం పడితే లేవడం కష్టం. పలుచగా కలిపిన బ్లీచింగ్ పౌడర్ నీళ్లు చల్లి, పావుగంట ఆగి, బ్రష్‌తో రుద్ది, బాగా కడగాలి. ఒక్క హెచ్చరిక. బ్లీచింగ్, యాసిడ్ ఎప్పుడూ కలవకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు అది విషం.

మెరుపు కోసం కాదు సీలర్

రాయిలోనూ, బ్లాకులోనూ కంటికి కనపడని రంధ్రాలుంటాయి. నూనె, పసుపు, తుప్పు నీళ్లు లోపలికి దిగేది వాటిలోంచే. వాటిని కాపాడేదే సీలర్. ఇది రెండు రకాలు. పైన పొరలా ఏర్పడే అక్రిలిక్ రకం మెరుస్తుంది. కానీ తడిసినప్పుడు జారుతుంది. లోపల తడి చిక్కుకుంటే పాలలా తెల్లబారి, పెచ్చులుగా లేస్తుంది. లోపలికి ఇంకే రకం మెరవదు. వేసిన సంగతే తెలియదు. నీటిని మాత్రం తామరాకులా తోసేస్తుంది. ఇంటి ముందు మనుషులు తిరిగే చోటికి ఇదే నయం.

దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సిమెంటు బ్లాకుకు బాగా పనిచేసే సిలేన్ రకం సున్నపురాయికి అంతగా పట్టదు. కడప బండకైతే డబ్బా మీద సున్నపురాయికి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసుకోవాలి. ముందుగా ఓ మూల అడుగు మేర వేసి చూడాలి. ఇంకో మాట... సీలర్ నూనె మరకల్ని ఆపుతుంది కానీ, నిమ్మరసం చేసే దెబ్బను ఆపలేదు.

అసలు అవసరమో కాదో తేల్చడం సులువు. ఎండిన బండ మీద నాలుగు చుక్కల నీళ్లు వేయండి. ముత్యాల్లా నిలిస్తే ఇప్పుడేమీ అక్కర్లేదు. కొద్ది నిమిషాల్లో అక్కడ ముదురురంగు తేలితే రాయి తాగుతోందన్నమాట.

మాఘమాసం మంచి అదను

ఈ ప్రాంతానికి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏప్రిల్ వచ్చేసరికి బండ మీద కాలు పెట్టలేం. కాలే రాయి మీద సీలర్ లోపలికి ఇంకకముందే ఆరిపోతుంది. కాబట్టి ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు అనువైన కాలం. ఎండ ముదరకముందే ఉదయం పూట పని ముగించాలి.

కడిగిన మర్నాడే వేసేయకూడదు. రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని బండ మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున తీసినప్పుడు లోపలి వైపు చెమ్మ కనిపిస్తే ఇంకా ఆరలేదని అర్థం. కొత్తగా పరిచిన సిమెంటు బ్లాకులైతే కనీసం రెండు నెలలు ఆగడం మేలు. సీలర్‌ను పలుచగా పూసి, రాయి పీల్చుకోగా మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. మూడు నాలుగేళ్లకోసారి నీటిచుక్కల పరీక్ష చేసి, అవసరమైతేనే మళ్లీ వేయాలి.

సందులు మూసేయొద్దు!

చాలామంది చేసే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. గరిక మొలుస్తోందనో, చీమలు ఇసుక తోడేస్తున్నాయనో బ్లాకుల మధ్య సందుల్ని సిమెంటుతో పూడ్చేస్తారు. పేవర్ బ్లాకుల పద్ధతికి ప్రాణమే ఆ ఇసుక. బరువు పడినప్పుడు బ్లాకులు ఒకదానికొకటి ఊతమిచ్చేది దానివల్లే. వాన నీటిలో కొంత భూమిలోకి దిగేదీ ఆ సందుల్లోంచే. సిమెంటు పెడితే అది పగులుతుంది, బ్లాకు అంచులు విరుగుతాయి. గరికను చేత్తో పీకి, వానలు వెలిశాక జల్లించిన పొడి సన్న ఇసుకను చీపురుతో సందుల్లోకి తోసేస్తే చాలు. కారు నిలిపే చోట బ్లాకు మందం కనీసం 60 మిల్లీమీటర్లు ఉండాలి. నడిచే దారికి 50 సరిపోతుంది.

మెట్ట ప్రాంతంలో ఇది ఇంటి అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ ఏళ్లనాటిది. వెయ్యి చదరపు అడుగుల వాకిలి మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 930 లీటర్ల నీళ్లు. ఆ వాకిలంతా సిమెంటుతో బిగించేస్తే అవన్నీ వీధి కాలువ పాలు. తర్వాత వేసవిలో డబ్బులిచ్చి ట్యాంకరు పిలిపించుకోవాలి!

అందుకే బండలు పరిచేటప్పుడే వాలు చూసుకోవాలి. గోడ నుంచి బయటికి పదడుగులకు రెండు, రెండున్నర అంగుళాలు చాలు. ఆ నీరు చేరే చివర ఓ ఇంకుడుగుంతో, నాలుగు మొక్కల పాదులో ఉండాలి. యాసిడ్, బ్లీచింగ్ కడుగునీళ్లు మాత్రం అటు వెళ్లనీయకూడదు.

ఈ ఆదివారం ఓ బిందెడు నీళ్లు వాకిట్లో పోసి చూడండి. గోడవైపు వస్తున్నాయా? మధ్యలో మడుగు కడుతున్నాయా? నేరుగా వీధిలోకి పోతున్నాయా? సీలర్ డబ్బా కొనేముందు సరిచేసుకోవాల్సింది అదే. బండ పొడిగా, దాని కింది నేల చెమ్మగా ఉంటే ఆ వాకిలి పదికాలాలు నిలుస్తుంది.